పన్నెండో చీటీ

ఆ వేసవి మొత్తం నా వంటింట్లో ఒక స్టీలు గిన్నె లేదు. మూడు లీటర్లది, మూతతో సహా పోయింది. పాలు కాయడానికి అదొక్కటే సరైన గిన్నె అని నేను ఎంత మొత్తుకున్నా మా ఆయన వినలేదు. "నాయకత్వం నేర్పే పనికి వాడుతున్నానోయ్" అన్నారు, పాలు ఎవరైనా కాచుకోవచ్చన్నట్టు. రెండు నెలలపాటు అడుగంటే గిన్నెలో పాలు కాచాను. నాయకత్వం సంగతేమో గానీ ఓర్పు మాత్రం నాకు బాగా పట్టుబడింది.

మా ఆయన పని కాలేజీ పిల్లలకు లీడర్‌షిప్ వర్క్‌షాపులు నడపడం. అంతకుముందు పద్ధెనిమిదేళ్లు ఒక కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చేవారు. ఒకరోజు కంపెనీ ఆ విభాగాన్నే ఎత్తేసింది. రెండేళ్లు అక్కడొక ఉపన్యాసం, ఇక్కడొక ఉపన్యాసం అంటూ తిరిగాక, మా అమ్మాయి చదివే కాలేజీలోనే ఎనిమిది శనివారాల పని దొరికింది. అది సజావుగా సాగితే అదే యాజమాన్యం కింద ఉన్న మూడు కాలేజీల్లోనూ మూడేళ్లపాటు ఆయనే. ఆ కాగితం ఆఖరి శనివారం వేదిక మీదే చేతిలో పెడతామని ప్రిన్సిపాల్ గారు మాటిచ్చారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ మా ఇంట్లో అందరం మెల్లగా నడవడం మొదలుపెట్టాం, పక్కగదిలో ఎవరో పసిబిడ్డను ఇప్పుడే నిద్రపుచ్చినట్టు.

గిన్నె ఎందుకంటే, చీటీల కోసం. నలభై ఎనిమిది మంది పిల్లలు, నలుగురేసి పన్నెండు జట్లు. ఒక్కో జట్టు గిన్నెలోంచి ఒక్కో చీటీ తీస్తుంది. చీటీలో ఒక పని ఉంటుంది. ఎనిమిది వారాల్లో ఆ పని చేసి, చివరి రోజు తల్లిదండ్రుల ముందు చెప్పాలి. ఆయన పెట్టిన నియమాలు రెండే. గిన్నెలోంచి తీసిన చీటీ తిరిగి గిన్నెలో పడకూడదు. జట్టు తన పని తాను చేసుకుంటుంటే శిక్షకుడు అడ్డు రాకూడదు.

ఆ రెండో నియమం పిల్లలకంటే ఆయనకే పెద్ద పరీక్ష. ఎవరైనా ఏదైనా పని చేస్తుంటే ఆయన చూస్తూ ఊరుకోలేరు. నేను కూరగాయలు తరుగుతుంటే కత్తి కోణం సరిచేస్తారు. మా అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తుంటే పక్కన నిలబడి "కొంచెం కుడికమ్మా" అంటారు. తన జబ్బు తనకు తెలుసు కాబట్టి దానికో మందు కూడా కనిపెట్టుకున్నారు. కుర్చీలో రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంటారు. చేతులు లేవకపోతే నోరూ లేవదని ఆయన సిద్ధాంతం. ఆ వేసవి మొదట్లో రోజూ సాయంత్రం మా ముందు గదిలో సాధన చేసేవారు. అత్తగారు గోడ గడియారం వంకరగా తగిలించి, "ఎలా ఉందిరా?" అని అడిగేవారు. ఆయన చేతుల మీద కూర్చుని చెమటలు కక్కేవారు.

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని చీటీలు రాసే పని నాకు పడింది. వంటింటి బల్ల దగ్గర ఆయన చెబుతూ వెళ్లారు, నేను రాస్తూ వెళ్లాను. 'లైబ్రరీకి వచ్చేవాళ్లను పెంచడానికి యాక్షన్ ప్లాన్.' 'క్యాంటీన్ క్యూలో టైమ్ మేనేజ్‌మెంట్.' పదకొండు చీటీలు అయ్యేసరికి ఫోను మోగింది. "ఆ పన్నెండోది నువ్వే ఏదో ఒకటి రాసెయ్" అంటూ లేచి వెళ్లిపోయారు.

ఇరవై రెండేళ్ల కాపురంలో నాకు దక్కిన మొదటి సర్వాధికారం అది. ఏం రాయాలా అని తలెత్తితే ఎదురుగా మా వెనక తలుపు కనిపించింది.

మా వంటింటికి వెనక తలుపు ఉంది. ఉందంటే ఉంది. దానికి అడ్డంగా మామగారి ఇనప్పెట్టె. ఆయన బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసేవారట. నేను కోడలిగా వచ్చేనాటికే పోయారు. ఆయన ఈలలు, షీల్డులు, డంబెల్సు, షాట్‌పుట్ గుండ్లు అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. తలుపు జానెడు తెరుచుకుని పెట్టెకు తగిలి ఆగిపోతుంది. బట్టలారేసే తీగ సరిగ్గా ఆ తలుపు అవతల ఉంది. నేను తడిబట్టల బకెట్ పట్టుకుని, ముందు గదిలోంచి వీధిలోకి దిగి, ఇంటిని చుట్టి, పక్కసందులోంచి అక్కడికి వెళతాను. రోజూ వెళతాను. దారిలో ఎదురింటావిడ, "ఇవాళ రెండు బకెట్లా?" అని పలకరిస్తుంది. ఆ పెట్టె జరపాలని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ అనరు. అది అత్తగారి మనసులో ఎక్కడ ఆనుకుని ఉందో ఎవరికి తెలుసు?

కలం తీసుకుని రాశాను. 'ఇక్కడ అందరికీ తెలిసి, ఎవరూ నోరెత్తని విషయం ఒకటి ఉంటుంది. అదేమిటో కనుక్కోండి. దాన్ని సరిచేయగలిగిన మనిషి ఎదురుగా నిలబడి చెప్పండి.'

మడిచి గిన్నెలో పడేశాను. కడుపులో ఉన్న ఉక్రోషం కాస్త తీరింది, అంతకుమించి నాకు ఏ దురుద్దేశమూ లేదు. మా ఆయన వచ్చి మూత పెట్టి గిన్నె పట్టుకుపోయారు. పన్నెండో చీటీ విప్పి చూడను కూడా లేదు.

మొదటి శనివారం సాయంత్రం మా అమ్మాయి చెప్పులు విడుస్తూనే వంటింట్లోకి వచ్చి ఒక చీటీ నా ముక్కు దగ్గర ఆడించింది.

"ఇది నాన్న చెప్పి రాయించింది కాదు."

"ఎలా చెప్పగలవు? పన్నెండింటి మీదా ఉన్నది నా రాతేగా."

"రాత కాదమ్మా, మాట. నాన్నదైతే ఇందులో ఎక్కడో ఒకచోట యాక్షన్ ప్లాన్ ఉండాలి."

డిగ్రీ మూడో ఏడు చదువుతోంది. ఫీజు వృథా పోలేదనుకున్నాను. "సరేలే. ఇంతకీ విషయం దొరికిందా?" అన్నాను పొయ్యి వైపు తిరిగి.

"వెతకాల్సిన పనే లేదు. చీటీ విప్పగానే కొలబద్ద చెప్పేసింది."

కొలబద్ద అంటే జట్టులో పొడుగ్గా ఉండే పిల్ల. కాలేజీ హాస్టల్లో ఉంటుంది. ఎక్కడో దూరపు ఊళ్లో తండ్రి కండక్టరు. జట్టుకి నాయకురాలు ఆవిడే. మా అమ్మాయి వివరాలు రాసుకునే గుమాస్తా. మైకు చూస్తే దానికి ప్రాణం మీదికొచ్చినట్టుంటుంది. ఏడో తరగతిలో బహుమతి తీసుకోవడానికి వేదికెక్కి, థాంక్యూ చెప్పడానికి నోరు పెగలక, బహుమతి అక్కడే పెట్టేసి దిగి వచ్చిన చరిత్ర దానిది.

మర్నాడు కొలబద్ద మా ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచి లోపలికి వచ్చి, అసలు విషయం చెప్పింది.

ఆడపిల్లల హాస్టల్ మూడంతస్తులు. ఎనభై మంది ఉంటారు. వెనక వైపు ఇంకో మెట్లదారి ఉంది గానీ ప్రతి అంతస్తులోనూ దాని తలుపుకు గొలుసు, తాళం. తాళంచెవి వార్డెనమ్మ దగ్గర. పోయినేడు ఒక మధ్యాహ్నం ముందు మెట్ల దగ్గర స్విచ్చుబోర్డు అంటుకుంది. పొగ మెట్లన్నీ కమ్మేసింది. సెలవు రోజు కాబట్టి పైఅంతస్తులో ఉన్నది పందొమ్మిది మందే. అందరూ వెనక తలుపు దగ్గర గుమిగూడి గొలుసు లాగుతూ కూర్చున్నారు. ఎవరో కింద మెయిను ఆపేశారు. పొగ దానంతటది తగ్గింది. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ ఏమీ రాయలేదు. బోర్డు మార్చారు. గొలుసు అలాగే ఉంది.

"నువ్వు ఉన్నావా అప్పుడు?" అడిగాను.

"ఉన్నానాంటీ. పొగ పైనుంచి నిండుతుంది కదా, పొడుగువాళ్లకి ముందు తగులుతుంది" అని నవ్వింది. మేమెవరం నవ్వలేదు.

"మరి ఏం చేద్దామనుకుంటున్నారు?"

"తాళంచెవి అడుగుతాం. ఎంతసేపటికి వస్తుందో చూసి రాసుకుంటాం. అంతే. గొడవ చేయం. సార్ చెప్పారుగా, కొలిచాకే మాట్లాడాలని."

కిటికీ దగ్గర కూర్చుని వింటున్న మా అత్తగారు లేచారు. వంటింట్లోకి వెళ్లి, పెట్టె తాళం తీసి, లోపల చాలాసేపు చేత్తో తడిమారు. ఆ పెట్టె తెరవడం నేను చూడటం అదే మొదటిసారి. బయటికి వచ్చి ఒక స్టాప్‌వాచీ మా అమ్మాయి అరచేతిలో పెట్టారు.

"మీ తాతది. కీ ఇచ్చి వాడండి. ఫోను చూస్తూ నిలబడితే ఆ వార్డెనమ్మకి అనుమానం రాదుటే?"

ఎనభై ఏళ్ల మనిషికి ఇంత కుట్ర తెలివి ఎక్కడిదా అని నేను చూస్తుండిపోయాను.

మొదటిసారి తాళంచెవి రావడానికి ఇరవై మూడు నిమిషాలు పట్టింది. రెండోసారి నలభై ఒకటి. మూడోసారి రాలేదు. వార్డెనమ్మ తమ్ముడి ఇంటికి వెళ్లారని, తాళాలు ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయని వాచ్‌మన్ చెప్పాడు. అదీ రాసుకున్నారు. ఇవన్నీ నాకు తెలుసు, అత్తగారికి తెలుసు. మా ఆయనకే తెలియదనుకున్నాం. ఆఖరి వారందాకా ఏ జట్టునూ ఏమీ అడగకపోవడం ఆయన పద్ధతి. కన్నకూతురి జట్టు కాబట్టి ఇంకాస్త దూరంగా ఉండేవారు. క్లాసులో అది ఆయన్ని 'సార్' అనేది, ఇంటికొచ్చాక 'నాన్నా' అనేది.

ఆరో వారం గురువారం మధ్యాహ్నం మూడింటికే ఇంటికి వచ్చేశారాయన. ప్రిన్సిపాల్ గారు పిలిపించారట. టీ ఇస్తే తాగలేదు. కప్పు మీద మీగడ కట్టేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నారు. అమ్మాయి కాలేజీ నుంచి రాగానే, "ఇలా వచ్చి కూర్చో తల్లీ" అన్నారు. ఆ గొంతు విని అత్తగారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"మీ జట్టు చీటీ మార్చుకోండి. పరిసరాల శుభ్రత మీద చేయండి. రెండు వారాలుంది, నేను సాయం చేస్తాను."

"గిన్నెలోంచి తీసిన చీటీ తిరిగి గిన్నెలో పడదన్నారు కదా."

"నియమం పెట్టింది నేనే. మారుస్తున్నది కూడా నేనే."

"ఎందుకు మారుస్తున్నారు?"

"ఆ తలుపు తల్లిదండ్రులు అడిగితే వేసింది. ఆడపిల్లల భద్రత కోసమని. ఆఖరి రోజు ఛైర్మన్ గారు వస్తున్నారు. అందరి ముందూ కాలేజీని నిలబెట్టి కడిగితే ఏమవుతుందో నీకు తెలుసా? ప్రిన్సిపాల్ నన్ను బెదిరించలేదు. చాలా మర్యాదగా, ఆ కాగితం ఫైల్లోంచి తీసి చూపించి, మళ్లీ ఫైల్లో పెట్టారు."

నేను గరిటె పక్కన పెట్టి వచ్చాను. "ఏమండీ, దాన్ని అనకండి. ఆ చీటీలో మాట నాది."

"తెలుసు."

"మీరు చదవలేదుగా!"

"మొదటి శనివారం ఆ జట్టు గట్టిగా చదివింది. నీ గొంతు వినిపించింది నాకు." టీ కప్పు అటు జరిపారు. "ఆ తలుపు సంగతి కూడా తెలుసు. హాలు చూడటానికి వెళ్లిన రోజే వెనక నుంచి చూశాను, గొలుసులు వేలాడుతూ. అడుగుదామనుకున్నాను. పని మొదలయ్యాక అడుగుదాంలే అనుకున్నాను."

ఫ్రిజ్ ఒక్కటే గురకపెడుతోంది. మా అమ్మాయి ఆయన వైపే చూస్తూ, చాలా నెమ్మదిగా అంది.

"అయితే అందరికీ తెలిసి నోరెత్తనివాళ్లలో మీరూ ఉన్నారన్నమాట, సార్."

ఇంట్లో దాని నోట 'సార్' రావడం అదే మొదటిసారి. ఆయన లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. గట్టిగా కూడా వేయలేదు. వేసి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత తండ్రీకూతుళ్లు మాట్లాడుకోవడం మానేశారు. మధ్యలో రాయబారం అత్తగారిది. "మీ నాన్నకి ఇంకాస్త అన్నం కావాలేమో కనుక్కో" అని మనవరాలితో, "అది ఇవాళ ఆలస్యంగా వస్తుందిట" అని కొడుకుతో. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మధ్య ఆవిడ టెలిఫోను ఆపరేటరులా పనిచేశారు. నాకైతే ఇద్దరి వైపూ చూడబుద్ధి కాలేదు. ఆ కాగితం రాకపోతే మళ్లీ ఆయన సంచి భుజాన వేసుకుని కాలేజీ కాలేజీ తిరగాలి. ఈసారి వయసు ఇంకో రెండేళ్లు ఎక్కువ. అంతా నేను సరదాగా మడిచి పడేసిన కాగితం ముక్క వల్ల. అలాగని చీటీలో మాట తప్పని కూడా అనుకోలేకపోయాను.

ఆఖరి శనివారానికి ముందు రోజు కొలబద్ద వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర తల వంచడం మరిచిపోయి నుదురు కొట్టుకుంది.

"మా నాన్నకి కాలేజీవాళ్లు ఫోన్ చేశారాంటీ. నేను స్టేజీ ఎక్కితే హాస్టల్లో సీటు ఉండదన్నారట. స్టేజీ ఎక్కితే ఇంటికొచ్చెయ్ అన్నాడు మా నాన్న."

జట్టులో మిగిలిన ఇద్దరూ అప్పటికే వేరే జట్లలో చేరిపోయారు. నేను మా అమ్మాయి వైపు చూశాను. దాని మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"నావల్ల కాదు" అంది. "నిలబడితే నాకు మాటే రాదు. నీకు తెలుసుగా."

కొలబద్ద నుదురు రుద్దుకుంటూ ఆలోచించింది. "నాన్న స్టేజీ ఎక్కొద్దన్నాడు. తాళంచెవి అడగొద్దనలేదు. నేను అడుగుతాను. నువ్వు నిలబడు."

"నిలబడి?"

"నిలబడు చాలు."

వాళ్లిద్దరూ గదిలోకి వెళ్లి గుసగుసలాడుకున్నారు. నేను వినడానికి ప్రయత్నించలేదని చెబితే అబద్ధం. వినపడలేదు, అంతే.

మర్నాడు హాలు నిండిపోయింది. నేను, అత్తగారు నాలుగో వరసలో కూర్చున్నాం. మా పక్కన పెద్ద హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ. అత్తగారికి కొత్తవాళ్లతో మాట కలపకపోతే తోచదు. "బ్యాగు బాగుందమ్మా, ఇల్లంతా పట్టేట్టుంది" అన్నారు. ఆవిడ మురిసిపోయి, "అన్నీ ఇందులోనే ఉంటాయండీ, ఏదీ వెతుక్కోనక్కర్లేదు" అంది. ముందు వరసలో ఛైర్మన్ గారు, పక్కన ప్రిన్సిపాల్ గారు, ఆయన ఒళ్లో నీలం ఫైలు. మా ఆయన వేదికకు ఒక పక్కగా, పిల్లలకీ పెద్దలకీ మధ్య కుర్చీలో. అక్కడి నుంచి ఒక్కొక్క జట్టునూ పేరు పెట్టి పిలవడం ఆయన పని. మా అమ్మాయి జట్టును జాబితాలోంచి తీసేయమని ప్రిన్సిపాల్ చెప్పారని నాకు తెలుసు. తీసేస్తారో లేదో మాత్రం ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పొద్దున చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంటే నేనే సరిచేసి పంపాను.

లైబ్రరీ అయింది, క్యాంటీన్ అయింది. చప్పట్లు. ఎనిమిదో జట్టు దిగింది. ఆయన జాబితా చూశారు. ఎంతసేపు చూశారంటే, ఛైర్మన్ గారు అయిపోయిందేమోనని కుర్చీలో సర్దుకున్నారు.

"తొమ్మిదో జట్టు" అన్నారు మా ఆయన.

మా అమ్మాయి ఒక్కతే వేదికెక్కింది. మైకు దానికంటే ఎత్తులో ఉంది. దించడానికి రెండు చేతులతో గుంజింది. మా ఆయన కుర్చీలోంచి సగం లేవబోయి, కూర్చున్నారు.

"పదిన్నరకి ఈ కార్యక్రమం మొదలైంది" అంది అమ్మాయి. గొంతు సన్నగా, ఎవరిదోలా ఉంది. "అప్పుడే మా జట్టులో ఒకమ్మాయి, హాస్టల్ వెనక తలుపు తాళంచెవి అడగడానికి వెళ్లింది. తను రాగానే చెబుతాను."

చేతిలో తాతగారి స్టాప్‌వాచీ పైకెత్తి చూపించింది. ఆ తర్వాత నోరు మూసుకుని నిలబడింది.

నా జీవితంలో అంత పొడుగు నిశ్శబ్దం నేను వినలేదు. ఒక నిమిషం. ఎవరో దగ్గారు. వెనక ఎవరో నవ్వబోయి మానుకున్నారు. హాస్టల్ పిల్లలున్న వరసల్లో మాత్రం ఒక్కరూ కదల్లేదు. రెండు నిమిషాలు. మాట రాని పిల్లకి, మాట్లాడకుండా నిలబడటం మాత్రం వచ్చు. చిన్నప్పుడు పారిపోయిన చోటే ఇప్పుడు పాతుకుపోయింది.

ప్రిన్సిపాల్ గారు మా ఆయన వైపు తిరిగి వేలితో సైగ చేశారు, ఇక చాలు దింపమని. మా ఆయన చూశారు. మళ్లీ సైగ. ఈసారి ఫైలు మీద చెయ్యి వేసి.

మా ఆయన రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నారు.

అంతే. ఇంకేమీ చేయలేదు. హాల్లో ఎవరికీ అది అర్థమై ఉండదు. నా పక్కన అత్తగారు ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

అప్పుడు హాలు వెనక తలుపు తోసుకుని కొలబద్ద వచ్చింది. జుట్టంతా చెమట. హాస్టల్‌కి, క్వార్టర్స్‌కి, ఆఫీసుకి, మళ్లీ హాస్టల్‌కి తిరిగి వచ్చినట్టుంది. అటూ ఇటూ చూసింది. వేదిక వైపు వెళ్లలేదు. నడవాలో నడుచుకుంటూ వచ్చి నాలుగో వరస దగ్గర ఆగింది. మా దగ్గర.

"మేడమ్" అంది, హ్యాండ్‌బ్యాగు ఆవిడతో. "వెనక తలుపు తాళంచెవి కావాలి."

ఆవిడ మొహం కందిపోయింది. "ఇప్పుడా? ఇక్కడా?" అంది. హాలంతా ఆవిడ వైపే తిరిగింది. ఛైర్మన్ గారు కూడా వెనక్కి తిరిగి, "ఇవ్వండమ్మా" అన్నారు మామూలుగా. ఆవిడ బ్యాగు తెరిచింది. కళ్లజోడు పెట్టె బయటికొచ్చింది. మందుల చీటీ వచ్చింది. గొడుగు వచ్చింది. అత్తగారు ఒక్కొక్కటీ అందుకుని ఒళ్లో పెట్టుకుంటూ సాయం చేశారు. చివరికి గుత్తి దొరికింది. ఇరవై తాళాలుంటాయి. "ఇది కాదు... ఇది స్టోరుది... ఇదేమో బీరువాది..." నాకు జాలేసింది కూడా. గొలుసు వేయమన్నది ఆవిడ ఒక్కతే కాదు కదా.

చివరికి ఒక తాళంచెవి విడదీసి కొలబద్ద చేతిలో పెట్టింది. వేదిక మీద టక్కుమని చప్పుడైంది.

"యాభై నాలుగు నిమిషాలు" అంది మా అమ్మాయి. "పోయినేడు మూడో అంతస్తుకి పొగ రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది."

థాంక్యూ చెప్పడం ఈసారీ మరిచిపోయింది. దిగి వచ్చేసింది.

చప్పట్లు పడలేదు. ఛైర్మన్ గారు ప్రిన్సిపాల్ చెవిలో ఏదో అడిగారు. మా ఆయన చేతులు బయటికి తీసి, ఒకసారి విదిల్చుకుని, జాబితా అందుకుని, "పదో జట్టు" అన్నారు.

సోమవారం గొలుసులు తీసేశారు. లోపలి నుంచి తీసుకునే గడియ పెట్టించారు. కొలబద్ద వాళ్ల నాన్న ఆ వారంలోనే వచ్చి, ఆ తలుపు ఒకసారి తీసి, వేసి, మళ్లీ తీసి చూసుకుని, కూతురితో ఏమీ అనకుండా తిరుగు బస్సెక్కాడట. నీలం ఫైల్లో కాగితం ఆ రోజు బయటికి రాలేదు. తర్వాతా రాలేదు. గిన్నె మాత్రం ఇంటికొచ్చింది, అడుగున ఒక సొట్టతో. మా ఆయన మళ్లీ సంచి భుజాన వేసుకున్నారు. ఇప్పుడు మా ముందు గదిలోనే ఆదివారాలు పదిమంది పిల్లలకి చెబుతున్నారు. చీటీలు నేనే రాస్తాను. యాక్షన్ ప్లాన్లు తగ్గాయి.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ శనివారం మధ్యాహ్నం సంగతి.

హాలు నుంచి నేరుగా ఇంటికొచ్చాం. పొద్దున హడావిడిలో ఉతికి పెట్టిన బట్టల బకెట్ వంటింట్లో అలాగే ఉంది. మా ఆయన కుర్చీలో కూలబడ్డారు. అలవాటుకొద్దీ చేతులు తొడల కిందికి పోయాయి. అమ్మాయి ఆయన పక్కన నేల మీద కూర్చుని, మోకాలికి తల ఆనించి, "నాన్నా, ఆకలేస్తోంది" అంది. రెండు వారాల తర్వాత మొదటి మాట అది. ఆయన వంగి దాని తల మీద గడ్డం ఆనించారు.

నేను బకెట్ ఎత్తాను. ముందు గది వైపు రెండడుగులు వేసి ఆగాను. ఊరందరి పిల్లలకీ చీటీ రాసి పంచిపెట్టి, నేను మాత్రం ఇంటిని చుట్టి వెళ్లడం మొదటిసారి సిగ్గనిపించింది. బకెట్ దించాను.

"అత్తయ్యా" అన్నాను. "ఆ పెట్టె అక్కడి నుంచి తీద్దాం. ఇరవై రెండేళ్లుగా వీధంతా తిరిగి బట్టలారేస్తున్నాను."

అత్తగారు నన్ను, పెట్టెను, మళ్లీ నన్ను చూశారు.

"ఇన్నాళ్లూ అడగలేదేమే?"

"మీరు ఒప్పుకోరని."

"నువ్వు అడిగితే కదా నేను ఒప్పుకునేదీ మానేదీ! నీకు ఆ తలుపు గాలి పడదు కాబోలు అనుకున్నాను నేను." కొంగుతో కళ్లజోడు తుడుచుకున్నారు. అవసరానికి మించి తుడుచుకున్నారు. "మా మంచం పక్కన పెట్టండి. అక్కడైతే చేతికి అందుతుంది."

ఆ పెట్టె ఇద్దరి వల్ల కదల్లేదు. గుండ్లు లోపల దొర్లిన చప్పుడు మాత్రం వచ్చింది. నేనూ అమ్మాయీ ఒక కొస పట్టుకుని రొప్పుతుంటే, మా ఆయన కుర్చీలోనే చేతుల మీద కూర్చుని మమ్మల్ని చూస్తున్నారు. ఆయన పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. అత్తగారు వెనక్కి తిరిగారు.

"కూర్చున్నది చాలు గానీ, లేచి ఆ రెండో కొస పట్టరా."

ఆయన లేచి పట్టారు. నా చెయ్యి ఉన్న కోణం సరిచేయబోయి, మానుకున్నారు.